ఒకే పుస్తకంలో రెండు సంతకాలు

ఈ పరదేశి తీర్చిన తగవు మళ్ళీ తలెత్తడం చోడవరం చుట్టుపక్కల ఇంతవరకూ ఎవరూ చూడలేదు. రోలుగుంటలో ఒక గట్టు తగవు పదకొండేళ్ళు నడిచింది. నేను వెళ్ళి ఆ గట్టు మీద నిలబడి ఒక్కసారి దగ్గాను. గట్టే సిగ్గుపడి రెండడుగులు పక్కకి జరిగి సర్దుకుంది.

అలాంటి నాకు, కుర్చీలో కూర్చున్న కొడుకుని లేపడం ఒక పనా?

“పని కాదు కదా, ఎల్లు మావా మరి,” అంది మా పెద్దకోడలు నూకరత్నం. “పొద్దుట ఏడింటికి కూకున్నాడు. మూడయింది. టీ ఒద్దన్నాడు, అన్నం ఒద్దన్నాడు. నాకు ఇంక బతిమాలే ఓపిక నేదు.”

మా పెద్దవాడు గౌరీశంకర్ వసారాలో ఎర్ర ప్లాస్టిక్ కుర్చీ మీద ఉన్నాడు. వాడికీ కుర్చీకీ మధ్య ఒక పొడుగు నోటుపుస్తకం ఉంది. అట్ట మూల ఒకటి తొడ పక్కనుంచి బయటికి తొంగి చూస్తోంది.

అది వాడి కూతురు అశ్విని పుస్తకం. రేపు పొద్దుట పది గంటలకి అది కాలేజీలో మేడమ్‌గారి బల్ల మీద ఉండాలి. లేకపోతే డిగ్రీ ఆఖరి ఏడాది ప్రాజెక్టు పోయినట్టే. ప్రాజెక్టు పోతే విశాఖపట్నంలో పైచదువు కూడా పోయినట్టే.

ఆ సంగతి తెలిసే వాడు దాని మీద కూర్చున్నాడు.

“ఒరే పెద్దోడా, లేరా. నడుం పట్టేస్తాది,” అన్నాను.

“పట్టనీ.”

“నరికిన సెరుకు ఎండిపోతంది కదరా.”

“ఎండనీ.”

“పోనీ, పుస్తకం కింద పెట్టుకున్నావు, సరే. అన్నం తిని మళ్ళీ కూకోరాదా? నువ్వొచ్చేదాకా నేను కూకుంటాను దాని మీద.”

వాడు నవ్వలేదు. ఎండలో ఉన్న గేదె వైపే చూస్తూ, “నాన్నా, నువ్వు ఎవరి పక్క?” అన్నాడు.

ఈ ప్రశ్న ఏడేళ్ళ నుంచి వింటున్నాను. ఎప్పుడూ చెప్పే జవాబే చెప్పాను. “గోడ పక్క.”

మా ఇంటికీ పక్కింటికీ మధ్య భుజమెత్తు గోడ ఉంది. దాని అవతల ఉండేది మా చిన్నవాడు ప్రేమ్‌కుమార్. అన్నదమ్ములు మాట్లాడుకోక ఏడేళ్ళయింది.

“నీకు ఆటగా ఉంది,” అన్నాడు పెద్దవాడు. “పెద్దమనిషివి కదా, నువ్వే సెప్పు. ఒక పుస్తకంలో ఎడం పక్క నా సంతకం, కుడి పక్క ఆడి సంతకం ఉంటే దాన్నేటంటారు?”

“ఏటంటారు?”

“రాజీ అంటారు! నువ్వు తీర్చిన తగువులన్నిటికీ కాయితం అలాగే రాయించేవు. కాలేజీ పనని ఈ తగువు సంగతి నా నోట రాసుకుని నా సేత సంతకం పెట్టించింది. మర్నాడు ఆడింటికెల్లి పక్క పేజీలో ఆడి సేత పెట్టించింది. నాకు తెలవకుండా, నా సొంత కూతురే, నాకూ ఆడికీ రాజీ రాసేసింది.”

“ఆడేటి సెప్పేడో సదివేవా?”

“ఆడి మాట నేనెందుకు సదవాల? సంతకం సూసేను. సాలు.”

మా వైపు రాజీ అంటే అంతే మరి. ఇద్దరి పేర్లూ ఒక కాగితం మీదికి ఎక్కితే తగవు చచ్చినట్టు. తగవు చావడం వాడికి ఇష్టం లేదు. ఏడేళ్ళు పెంచుకున్నది.

తగవు పుట్టింది బెల్లం పొయ్యి దగ్గర. పొలంలో అన్నదమ్ములిద్దరూ కలిసి బెల్లం వండేవారు. పొయ్యిలోకి చెరుకు పిప్పి ఎగదోసి మంట చూసేది చిన్నవాడు. పాకం చూసి పెనం దించమనేది పెద్దవాడు. ఒకనాడు పెనం మాడింది. మంట ఎక్కువైందని వీడు, దించడం ఆలస్యమైందని వాడు, ఎవరికి వారు మనసులో అనుకుని చెరొక దిక్కుకి నడిచిపోయారు.

అప్పట్నుంచి రెండు పొయ్యిలు. పెద్దవాడికి మంట అదుపు తెలీదు, వాడి బెల్లం నల్లగా వస్తుంది. చిన్నవాడికి పాకం తెలీదు, వాడి బెల్లం దిమ్మ కట్టకుండా జారిపోతుంది. రెండిళ్ళలోనూ ఏడేళ్ళ నుంచి మంచి బెల్లం ఎవరూ తినలేదు.

“ఒసే రాణీ!” అని నూకరత్నం గేదెని కేకేసింది. “పక్కింటోల్ల మోటారు పొద్దుట నుంచి తిరగతానే ఉంది. ట్యాంకు నిండి నీళ్ళు మన పెరట్లోకి వస్తన్నాయి. ఆళ్ళకేటైనా కళ్ళున్నాయో నేవో అడగవే!”

గోడవతల చిన్నకోడలు రోజా తన కోడితో అంది. “ఇదిగో, మాటలు నేర్చిన గేదెలున్నాయంట పక్కింట్లో. ఆపుతన్నామని సెప్పవే.”

మోటారు ఆగింది. ఏడేళ్ళుగా రెండిళ్ళ మాటల రాకపోకలన్నీ ఈ గేదె, కోడి మీదుగానే. పాపం ఆ కోడి మూడోది. మొదటి రెండూ కూరైపోయాయి. కబుర్లు మాత్రం ఆగలేదు.

నేను మళ్ళీ ఒకసారి కొడుకు వైపు చూశాను. వాడు కుర్చీ చేతుల్ని గట్టిగా పట్టుకున్నాడు.

ఇక్కడ ఒక సంగతి ఒప్పేసుకుంటాను. ఎలాగూ ముసలివాణ్ణి, పరువు పోయినా ఎంతో దూరం పోదు. నా జన్మలో నేను తీర్చిన తగవులు మొత్తం తొమ్మిది. ఏడు నేను ఇల్లు చేరకముందే మళ్ళీ మొదలయ్యాయి. ఒకటి కోర్టుకెక్కింది. ఇంకొకటి మేకపోతు గురించి, మేకపోతు చచ్చిపోయింది కాబట్టి తీరింది. రోలుగుంట గట్టు కదిలిన మాట నిజమే. వానలకి పక్కనున్న గెడ్డ పొంగి కొట్టుకుపోయింది. నేను దగ్గిన మాట కూడా నిజమే. ఆ వానలో తడిసి జలుబు చేసింది.

నాలుగింటికి అశ్విని షేర్ ఆటో దిగి వచ్చింది. చెప్పులు విప్పకుండానే వసారాలో నిలబడి తండ్రిని చూసింది. పొద్దుట తను వెళ్ళేటప్పుడు ఎలా ఉన్నాడో అలాగే ఉన్నాడు.

“నాన్నా, లే.”

“కాళ్ళు కడుక్కుని లోపలకి పో.”

“అది రాజీ కాదు నాన్నా. నువ్వన్న మాట నువ్వన్నట్టే రాసేనని సంతకం, అంతే. మూడుసార్లు చదివి వినిపించేను కదా. ‘ఇక్కడ అలా అనలేదు, ఇలా అన్నాను’ అని నువ్వే దిద్దించేవు.”

“అప్పుడు పక్క పేజీ కాళీగా ఉంది.”

అశ్విని చెప్పులు విప్పి పక్కన పెట్టింది.

“ఆడి గడప ఎందుకు తొక్కేవు?” అన్నాడు కాసేపటికి.

“ఒక్క పక్క మాటే రాస్తే అది ప్రాజెక్టు అవదు నాన్నా. పిటీషను అవుతాది.”

“శాంతి సదువంట! ఈ సదువు సదివి ఏటి సేస్తావే? ఊళ్ళంట తిరిగి తగువులు తీరుస్తావా? ఆ పని మీ తాత సేసేడు కదా. సూసేం కదా.”

నేను దూలం మీది బల్లిని చూస్తూ ఉండిపోయాను.

“తీర్చడం నేర్పరు నాన్నా. ముందు వినడం నేర్పుతారు.”

“ఇన్నావు!” అన్నాడు వాడు. “ఏడేళ్ళు నాలో నేను ఉడికిపోతంటే, ఏటయిందిరా అని అడగడానికి ఒక్కరు రానేదు. నువ్వొచ్చేవు. పుస్తకం పట్టుకొచ్చినా, నా కన్న గుంట నాకోసం అడగతంది అనుకున్నాను. మూడు రోజులు కూకుని సెప్పేను. మీ అమ్మకి కూడా సెప్పనివి సెప్పేను. అయ్యి పట్టుకెల్లి ఆడి మాటల పక్కన పెట్టేవు.”

నూకరత్నం గుమ్మంలోనే ఆగిపోయింది. ఆమె చేతిలోని చెంబు అలాగే ఉంది.

అశ్విని నెమ్మదిగా, “చిన్నాన్న కూడా అదే అన్నాడు నాన్నా,” అంది.

“ఏటన్నాడు?”

“ఏడేళ్ళలో అడగడానికి ఒక్కరు రాలేదని.”

వాడు మొహం గేదె వైపు తిప్పుకున్నాడు. కుర్చీలో కొంచెం కదిలాడు. లేస్తాడేమో అనుకున్నాను. పుస్తకం మీద ఇంకాస్త సర్దుకుని కూర్చున్నాడు.

పెరట్లో కుళాయి దగ్గర అశ్విని మొహం కడుక్కుని, తడి చేతులతోనే మెట్టు మీద కూలబడింది. నేను పక్కన కూర్చున్నాను. వెనకాలే నూకరత్నం వచ్చింది.

“ఇంకో పుస్తకంలో రాసీవే తల్లీ. నీకన్నీ నోటికొచ్చు కదా.”

“నోటికొచ్చమ్మా. సంతకాలు ఎవరు పెడతారు?”

నూకరత్నం లోపలికి పోయింది. అన్నం గిన్నె మీద మూత మళ్ళీ పెట్టిన చప్పుడు వినపడింది.

ఈ పిల్ల రెండేళ్ళ కిందట కాలేజీలో శాంతి, సంఘర్షణల చదువని ఒక పేపరు తీసుకుంది. మహతి మేడమ్ అని ఒకామె చెబుతుంది. క్లాసులో మొత్తం ఐదుగురు. ఆ రోజు నుంచి నా కథలకి గ్రహణం పట్టింది. కె.కోటపాడు రోడ్డు మీద నేను చిరుతపులిని గొడుగుతో అదిలించిన కథ ఈ చుట్టుపక్కల అందరికీ తెలుసు. “నువ్వు చూసేవా తాతా, ఎవరైనా చెప్తే విన్నావా?” అంది ఒకనాడు. చూశానన్నాను. “ఎంత దూరం నుంచి?” అంది. మూడో ప్రశ్నకి పులి కుక్కయింది. నాలుగో ప్రశ్నకి గొడుగు కూడా నాది కాకుండా పోయింది.

“పోనీలే గుంటా,” అన్నాను. “ఏదో ఒక పేపరు. దాని వల్ల నీకు ఒరిగిందేటి, నా పులి పోవడం తప్ప?”

మామూలుగా అయితే నవ్వేది. ఈసారి మోకాళ్ళ మీద గడ్డం ఆనించింది.

“అలిసిపోయేను తాతా. నిజం చెప్పాలంటే పరీక్షలైన మర్నాడు సగం మర్చిపోతాను. ఏ దేశంలో ఏ ఒప్పందం, ఏ ఏడు, అన్నీ పోతాయి. ఒక్కటి మాత్రం పోదు. ‘వాడు ఇలా అన్నాడంట’ అని ఎవరైనా అంటే, నా చెవి అక్కడే ఆగిపోతంది. నువ్వు విన్నావా, ఎవరి నోట విన్నావు, వాణ్ణి అడిగేవా? హాస్టల్లో ఉండే మా క్లాసు కీర్తీ, ఇంకొకమ్మాయీ జుట్టు పట్టుకునే దాకా వచ్చేరు మొన్న. ఈ మూడూ అడిగేను. అసలు ఆ మాట ఎవరూ అనలేదు తాతా. నాకు ముసలితనం వచ్చినా ఈ అడగడం పోదు.”

“ముసలితనంలో ఎవరూ జవాబు సెప్పరు. నాకు తెలుసు.”

“తాతా.”

“ఏటి?”

“నాన్న పేజీలో ఆఖరి లైను ఏటో తెలుసా?”

తెలీదన్నట్టు తల ఊపాను. ఆ పిల్ల కళ్ళు మూసుకుని అప్పజెప్పింది. “‘పెనం మాడినందుకు కాదు నా బాధ. అన్న చెయ్యి పెడితే పాకమే కాదు, పచ్చటి ఇల్లు కూడా మాడిపోతాది అన్నాడు మా తమ్ముడు. ఆ మాటకి నేను ఆడి మొహం సూడ్డం మానేసేను.’ దాని కింద నాన్న సంతకం.”

పక్కింటి కోడి గోడెక్కి నా వైపు చూసింది.

“చిన్నాన్న పేజీలో ఆ మాట లేదు,” అంది అశ్విని. “నాలుగు రకాలుగా అడిగేను. ఆ రోజు తను నోరే విప్పలేదంటన్నాడు. అన్న ఎందుకు మాటలు మానేసేడో ఇప్పటికీ తెలీదంట. నాన్న అబద్ధమాడడు. చిన్నాన్న అబద్ధమాడడు. మరి ఆ మాట ఎక్కడ పుట్టింది?”

“గాల్లో పుట్టుంటాది. రావికమతంలో ఒకసారి ఏటయిందంటే...”

“నాన్నని అడిగేను. ‘నువ్వు విన్నావా’ అంటే లేదన్నాడు. ‘ఎవరి నోట’ అంటే, ‘సాయంత్రం మీ తాతని ఆడి కాడకి పంపేను, తాతొచ్చి సెప్పేడు’ అన్నాడు.”

నా రావికమతం కథ అక్కడే ఆగిపోయింది. ఎంత వెతికినా మిగతా సగం దొరకలేదు.

“నేను సంతకి ఎల్తే ఒట్టి సేతులతో ఎప్పుడైనా వచ్చేనేటే?” అన్నాను చివరికి. “కాకరకాయైనా పట్టుకొస్తాను. అదొక అలవాటు. కబురుకెల్తే కూడా...”

“కబురుకెళ్తే?”

నేను కాళ్ళు దులుపుకుని లేచాను. మోకాళ్ళు రెండూ చప్పుడు చేశాయి.

“మూడో పేజీ నీ పేరు మీద పెట్టేను తాతా,” అంది నా వీపుతో. “మేడమ్ అడిగేరు, ఇది ఖాళీగా ఉందేటని. నాకు తెలిసినా నేను రాయకూడదు. చెప్పినోళ్ళు చెప్పిందే రాయాల. అది ఖాళీగా ఉంటే ప్రాజెక్టు సగమే. నిన్ను అడగడానికి పది రోజుల్నుంచి చూస్తన్నాను. అడగలేకపోయేను.”

“ఎందుకు?”

“నువ్వు తాతవి కదా.”

అయిదింటికి ప్రేమ్‌కుమార్ పొలం నుంచి వచ్చాడు. గోడవతల రోజా వాడికి ఏదో గుసగుసగా చెప్పడం విన్నాం. తర్వాత వాడి తల గోడ మీద కనిపించింది. తలపాగా ఇంకా విప్పలేదు. దాని అంచున జుట్టు నెరిసిందని నేను అప్పుడే చూశాను.

వాడు మా గేదెతో మాట్లాడాడు.

“ఒసే రాణీ. మీ యజమానికి సెప్పు. రేపు గుంట కాలేజీకి ఎల్లాల. కోపముంటే నా మీద సూపించమను. నా సంతకమున్న కాయితం సింపీమను. గుంట పుస్తకం మాత్రం ఇచ్చీమను.”

ఏడేళ్ళలో ఆ గోడ మీదుగా మగవాళ్ళ గొంతు రావడం అదే మొదలు. అంతవరకూ ఆ పని ఆడవాళ్ళదీ కోడిదీ.

గౌరీశంకర్ తల తిప్పలేదు. వాడూ గేదెనే చూశాడు.

“ఒసే రాణీ. అంత మాట అన్నోడికి నా గుంట సదువుతో పనేటని అడుగు.”

“ఏ మాట?”

అది గేదెని అడిగింది కాదు. గేదెకి కూడా ఆ సంగతి అర్థమైంది. గడ్డి వైపు తిరిగిపోయింది.

“ఏ మాటన్నయ్యా?” అన్నాడు ప్రేమ్‌కుమార్. గోడ మీద వాడి రెండు చేతులూ ఉన్నాయి. “ఏడేళ్ళ నుంచి అడుగుదామనుకుంటన్నాను. నేనేటన్నాను నిన్ను?”

పెద్దవాడి చెయ్యి తొడ కిందికి పోయింది. పుస్తకం బయటికి వచ్చింది. రోజంతా మనిషి బరువు మోసి కుర్చీ లాగే వంపు తిరిగింది అట్ట. వాడు దాన్ని తెరిచి, ఎడమ పేజీని అరచేత్తో మూసి, కుడి పేజీ మీద వేలు పెట్టాడు. ఒక్కొక్క మాటా కూడబలుక్కుంటూ పైకే చదివాడు.

“‘నేనేటీ అననేదు. అన్నయ్య ఎల్లిపోయేక పొయ్యి కాడే బూడిద కెలుకుతా కూకున్నాను. సాయంత్రం మా నాన్న వచ్చేడు. ఏటన్నా సెప్పాలా అన్నాడు. ఏడుపొచ్చింది. తల అడ్డంగా ఊపేను. అన్నయ్య తనే వస్తాడని ఆ తరవాత కూడా సూసేను.’”

కింద వంకర సంతకం. ఆ వంకర నాకు తెలుసు, ఆ చేతికి అక్షరాలు దిద్దించింది నేనే.

పొద్దుట ఏడింటి తర్వాత మొదటిసారి గౌరీశంకర్ కుర్చీలోంచి లేచాడు. గోడ వైపు పోలేదు. నా వైపు తిరిగాడు.

“నాన్నా,” అన్నాడు. కోపం కూడా లేదు ఆ గొంతులో, అలసిపోయింది. “ఆ సాయంత్రం ఆడి కాడకి ఎల్లొచ్చింది నువ్వే కదా?”

నా దగ్గర పులి ఉంది, గట్టు ఉంది, మేకపోతు ఉంది. రావికమతం కథకి రెండో సగం కూడా సరిగ్గా అప్పుడే తట్టింది. నోరు తెరిచాను.

అశ్విని తండ్రి చేతిలోంచి పుస్తకం మెల్లగా తీసుకుంది. మూడో పేజీ తిప్పింది. పైన గుండ్రటి అక్షరాలతో ‘పరదేశి, తాత’ అని ఉంది. కింద గీతలన్నీ ఖాళీ. అట్టడుగున సంతకానికి చోటు. ఆ పిల్ల పెన్ను మూత తీసి ఆ పేజీ మీద ఆనించింది.

“నువ్వెలా చెప్తే అలాగే రాస్తాను తాతా. తప్పు రాస్తే దిద్దు.”

పులీ గట్టూ పక్కన పెడితే, ఇంతవరకూ మీకు చెప్పిందంతా జరిగినదే. కుర్చీ నిజం, గోడ నిజం, గేదె నిజం. నేను కల్పించినది ఒక్కటే మాట. అది ఎడమ పేజీలో, మా పెద్దవాడి సంతకానికి సరిగ్గా పైన ఉంది.